ఐదుగురికి ఒక ఫోన్, ఒక నిమిషం వీడియో

గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని అసర్ 2024 విద్యా సర్వే తేల్చింది. ఆ పిల్లల్లో సర్వేకు ముందు వారంలో సోషల్ మీడియా వాడినవారు 76 శాతం. చదువు కోసం వాడినవారు 57 శాతమే. ఫొటోలు, వీడియోల యాప్‌లను పాఠానికి వాడితే ఈ తేడా తగ్గుతుందా? తగ్గించవచ్చు. అయితే ముందు కొన్ని లెక్కలు చూడాలి.

ఫోన్లు ఎన్ని?

ఫోన్ వాడటం వచ్చిన 14 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నది 27 శాతం మందికే. అంటే ఎవరికి వారు వీడియో తీసుకురమ్మంటే చాలామంది వెనకబడతారు. ఐదుగురిని ఒక జట్టు చేస్తే ఎక్కడో ఒక ఫోన్ దొరుకుతుంది. పైగా 2023 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లోకి విద్యార్థులు ఫోన్ తేకూడదు. కాబట్టి షూటింగ్ బడి బయటే జరగాలి.

గుంటూరు జిల్లా పొన్నూరు లాంటి ఊళ్ల పిల్లలకు అదే మేలు. వరి కోశాక మినుము వేసే చేలు పక్కనే ఉన్నాయి. పల్లాకు తెగులు సోకిన మొక్క ఎలా ఉంటుంది, తెల్లదోమ ఆ తెగులు వైరస్‌ను ఎలా మోసుకెళ్తుంది అన్నది నాన్నను అడిగి, ఆకు తిప్పి చూపిస్తూ వీడియో తీస్తే జీవశాస్త్ర పాఠం సగం వచ్చినట్టే.

ఎంత నిడివి?

తరగతిలో 40 మంది తలా ఒక నిమిషం తీస్తే చూడటానికే 40 నిమిషాలు, అంటే దాదాపు ఒక పీరియడ్. నిమిషానికి సుమారు 60 ఎంబీ అనుకుంటే మొత్తం 2,400 ఎంబీ. వాటన్నిటినీ నెట్‌లో ఒక ఫోన్‌లోకి దించుకోవాలంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ చాలదు. అదే 8 జట్లయితే 8 నిమిషాలు, 480 ఎంబీ. మిగతా సమయం చర్చకు దొరుకుతుంది.

ఎక్కడ పెట్టాలి?

ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు కనీస వయసు 13 ఏళ్లు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం 18 నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లల విషయంలో ఉల్లంఘనకు జరిమానా రూ.200 కోట్ల దాకా ఉండొచ్చు. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువిచ్చారు.

పిల్లల జాగ్రత్త చూస్తే, అసర్ సర్వేలో సోషల్ మీడియా వాడేవారిలో ప్రొఫైల్‌ను ప్రైవేటుగా మార్చడం 55 శాతం మందికే వచ్చు. బ్లాక్ చేయడం, ఫిర్యాదు చేయడం తెలిసినవారు 62 శాతం.

అందుకని వీడియోను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి తరగతి టీవీలో చూపిస్తే చాలు. బహిరంగ ఖాతాలో పెట్టక్కర్లేదు. చిత్రంలో ఆకు, పురుగు, చేతులు కనబడాలి. పిల్లల ముఖాలు, ఇంటి చిరునామా, బడి పేరు కనబడకూడదు. ఉపాధ్యాయులు మొదటి వీడియో పని ఇచ్చేముందే ప్రైవసీ సెట్టింగులు ఒక పీరియడ్ నేర్పాలి. తల్లిదండ్రులు ఆ పనికి తమ ఫోన్ ఇచ్చి, పక్కన ఉండి చూడాలి.