బరువుకు ఎంపిక.. ఎండకు పరీక్ష
* బ్రాయిలర్ ఎదుగుదలకు కారణం ఇంజక్షన్లు కాదు, డెబ్బై ఏళ్ల జన్యు ఎంపిక
* మెట్ట సీమ ఎండలో ఆ వేగమే రైతుకు భారం
* షెడ్డు కట్టే ముందే కోడి వంశాన్ని తెలుసుకోవడం మేలు

అనంతపురం: ఏప్రిల్, మే నెలల్లో మిట్ట మధ్యాహ్నం కరెంటు పోయిందంటే కోళ్ల ఫారం రైతు గుండెల్లో రాయి పడుతుంది. ఫ్యాన్లు ఆగిన అరగంటకే షెడ్డులోని కోళ్లు రెక్కలు బార్లా చాపి, నోరు తెరిచి రొప్పడం మొదలుపెడతాయి. ముందుగా నేలకొరిగేవి బక్కవి కావు. రెండు మూడు రోజుల్లో లారీ ఎక్కాల్సిన, బాగా కండ పట్టిన కోళ్లే ముందు పోతాయి. అదే ఊరి వీధిలో తిరిగే నాటుకోడి మాత్రం చింతచెట్టు నీడన మట్టిలో పొర్లి, పొద్దు వాలగానే లేచి మేతకు వెళుతుంది. రెండూ కోళ్లే అయినా ఒకటి ఎండకు ఎందుకు తాళలేకపోతోంది? దీనికి సమాధానం ఆ కోడిని తయారుచేసిన తీరులోనే ఉంది.

అపోహలో నిజమెంత?

బ్రాయిలర్ కోడికి హార్మోన్ ఇంజక్షన్లు వేసి పెంచుతారన్న మాట పల్లెల్లో, పట్టణాల్లో బలంగా పాతుకుపోయింది. నలభై గ్రాముల పిల్ల ఆరు వారాలలోపే రెండు కిలోలు దాటడాన్ని కళ్లారా చూసినవారికి ఆ అనుమానం రావడం సహజమే. అయితే ఎదుగుదల హార్మోను పనిచేయాలంటే ఒక్కో కోడికి మళ్లీ మళ్లీ సూది వేయాలి. అయిదు వేల కోళ్ల షెడ్డులో అది సాధ్యమూ కాదు, గిట్టుబాటూ కాదు. యాంటీబయాటిక్ మందుల విచ్చలవిడి వాడకం మాత్రం నిజంగా ఆందోళన చెందాల్సిన విషయమే. మనుషుల ప్రాణం నిలపడానికి చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ మందును పశువులకు, కోళ్లకు ఇవ్వడాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది.

ఎదుగుదల రహస్యం వంశంలోనే ఉందని కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన పరిశోధన తేటతెల్లం చేసింది. 1957, 1978 నాటి కోళ్ల వంశాలను అక్కడ మార్పు లేకుండా కాపాడుతూ వచ్చారు. వాటిని 2005 నాటి బ్రాయిలర్‌తో కలిపి ఒకే దాణా పెట్టి పెంచారు. 56 రోజులకు 1957 కోడి 905 గ్రాములు, 1978 కోడి 1,808 గ్రాములు, 2005 కోడి 4,202 గ్రాములు తూగాయి. దాణా ఒక్కటే, మందులు ఒక్కటే. మారింది వంశం మాత్రమే.

పందెం కోడి రక్తం

ఈ కథ అమెరికాలో ఊపందుకున్నా దాని మూలాలు మన దేశంలోనూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతానికి భారతదేశపు అసీల్ కోళ్లు చేరాయి. తెలుగునాట సంక్రాంతి బరిలో దిగే పందెం కోడి ఈ అసీల్ జాతిదే. అక్కడి కోళ్లతో వాటిని సంకరం చేయగా విశాలమైన రొమ్ము, బలిష్ఠమైన తొడలు గల కార్నిష్ జాతి రూపుదిద్దుకుంది. మొదట్లో దానిని 'ఇండియన్ గేమ్' అనే పేరుతోనే పిలిచేవారు. పోరాటానికి పెంచిన కండ అలా మాంసానికి పెట్టుబడి అయింది.

1948లో అమెరికాలో 'రేపటి కోడి' పేరిట జాతీయ స్థాయి పోటీ జరిగింది. పెంపకందారుల నుంచి గుడ్లు తెప్పించి ఒకేచోట పొదిగించి, ఒకే దాణాతో పెంచి, తూకం వేసి విజేతను తేల్చారు. కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్ కార్నిష్ పుంజులకు న్యూహాంప్‌షైర్ పెట్టలను జతచేసి పెంచిన కోళ్లు గెలుపొందాయి. అప్పటివరకు గుడ్లు మానేసిన పెట్టను, మిగులు పుంజును కోసుకు తినడమే రివాజు. మాంసం కోసమే కోడిని తీర్చిదిద్దడం ఆ పోటీ తర్వాత పరిశ్రమగా మారింది. వాంట్రెస్ పేరు కాబ్-వాంట్రెస్ కంపెనీ పేరులో నేటికీ నిలిచి ఉంది.

ఎంపిక ఎలా చేస్తారు?

మేలైన ఎద్దును చూసి ఆవుకు కట్టించడం రైతుకు కొత్త కాదు. కోళ్లలోనూ సూత్రం అదే. అయితే లెక్కలు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక తరంలోని పిల్లలన్నింటినీ తూచి, తిన్న దాణాను కొలిచి, కాళ్ల పటుత్వం, గుండె సత్తువ పరీక్షించి, అన్నింటా ముందున్న కొద్ది శాతాన్ని మాత్రమే తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా ఉంచుతారు. తరం ఏడాదిలోపే మారుతుంది కాబట్టి ఫలితం త్వరగా కూడుతుంది. 2004లో కోడి జన్యుపటం వెలువడిన తర్వాత రక్తపు చుక్కతోనే కోడి సత్తాను అంచనా వేసే పద్ధతులు కూడా వచ్చాయి.

ఇందులో ఒక చిక్కుంది. బాగా కండ పట్టే పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది. అందుకే సంస్థలు రెండు రకాల వంశాలను విడివిడిగా పోషిస్తాయి. పుంజు వంశంలో బరువుకు, రొమ్ము మాంసానికి పెద్దపీట వేస్తారు. పెట్ట వంశంలో ఎదుగుదలతో పాటు గుడ్ల సంఖ్యను చూస్తారు. శుద్ధ వంశాలు, వాటి కింద ముత్తాతలు, తాతలు, తల్లిదండ్రులు అనే అంచెలు దాటాకే రైతు షెడ్డుకు చేరే పిల్ల పుడుతుంది. పై అంచెలో నేడు చేసిన ఎంపిక ఫలితం రైతుకు అందడానికి నాలుగేళ్లు పడుతుంది. ఒక్క తల్లి పెట్ట నుంచి సుమారు 140 పిల్లలు వస్తాయి. ఆ తల్లి కోళ్లకు మాత్రం కడుపునిండా మేత ఉండదు. విడిచిపెడితే కొవ్వెక్కి గుడ్లు తగ్గుతాయి కనుక దాణాను కొలిచి పెడతారు.

బ్రాయిలర్లనే ఉంచుకుని పిల్లలు చేయించుకుందామనుకునే రైతుకు నిరాశే మిగులుతుంది. అది సంకరం కాబట్టి తర్వాతి తరంలో లక్షణాలు చెదిరిపోతాయి. సంకర విత్తనం మాదిరిగానే ప్రతి బ్యాచ్‌కూ కొత్త పిల్లలను కొనక తప్పదు. శుద్ధ వంశాలు ప్రపంచంలో కొద్ది సంస్థల చేతిలోనే ఉన్నాయి.

తెలుగునాట తొలి అడుగులు

దేశంలో ఈ పరిశ్రమకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు తెలుగువాడైన బండా వాసుదేవరావు. బి.వి.రావుగా ప్రసిద్ధుడైన ఆయన 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. 1982లో గుడ్ల ధరకు ఆసరాగా నెలకొన్న జాతీయ గుడ్ల సమన్వయ కమిటీకి సూత్రధారి కూడా ఆయనే. కాబ్ సంస్థ సహకారంతో ఆయన సంస్థ తెచ్చిన వెన్‌కాబ్ కోడి దేశమంతటా షెడ్లకు చేరింది.

మరోవైపు భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన ప్రాజెక్టును నెలకొల్పింది. నేడు కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌గా పిలుస్తున్న ఈ సంస్థ బ్రాయిలర్‌తో పాటు పెరట్లో పెంచుకునే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను రూపొందించింది. జిల్లాకు పొరుగున ఉన్న బెంగళూరు హెబ్బాళ పశువైద్య కళాశాల నుంచి గిరిరాజా వచ్చింది.

వేగానికి చెల్లించే మూల్యం

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి సహజంగానే 41 డిగ్రీల వరకు ఉంటుంది. లోపలి వేడిని రొప్పుతూ, ఈకలు లేని చోట్ల నుంచి మాత్రమే వదులుకోగలదు. బ్రాయిలర్ ఎక్కువ తింటుంది, వేగంగా పెరుగుతుంది. తిన్నది కండగా మారే క్రమంలో ఒంట్లో వేడి అధికంగా పుడుతుంది. కండ పెరిగినంతగా గుండె, ఊపిరితిత్తులు పెరగవు. 25 డిగ్రీలలోపు హాయిగా ఉండే ఈ కోడిని, వేసవిలో 40 డిగ్రీలు దాటే సీమలో రేకుల కింద పెంచుతున్నాం. శుద్ధ వంశాలను ఎంపిక చేసిన చోట మే నెల అనంతపురం ఎండ లేదు. తూకానికి నెగ్గిన కోడి ఎండకు నెగ్గుతుందన్న హామీ అందుకే లేదు.

ఈ లోటు భారం ఎవరిపై పడుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒప్పంద పెంపకంలో కంపెనీ పిల్లలు, దాణా, మందులు ఇస్తుంది. షెడ్డు, కరెంటు, నీరు, కూలి రైతువి. కిలోకు ఇంతని పెంపకం చార్జీ చెల్లిస్తారు. ఎంత దాణాకు ఎంత మాంసం వచ్చిందో తేల్చే ఎఫ్‌సీఆర్ లెక్క దానికి కీలకం. ఉదాహరణకు 5 వేల కోళ్లు రెండేసి కిలోలకు పెరిగాయనుకుందాం. ఎఫ్‌సీఆర్ 1.6 అయితే తిన్న దాణా 16 వేల కిలోలు. చివరి రోజుల్లో వడదెబ్బకు 250 కోళ్లు పోతే 500 కిలోల మాంసం పోయినట్లే. అవి తిన్న 800 కిలోల దాణా మాత్రం లెక్కలో అలాగే ఉంటుంది. ఎఫ్‌సీఆర్ 1.68కి చేరుతుంది. రైతుకు నష్టం రెండు వైపులా తగులుతుంది.

బోడి మెడ దారి

ఎండను తట్టుకునే జన్యువులు కోళ్లలో లేకపోలేదు. మెడపై ఈకలు లేని బోడి మెడ కోళ్లను పల్లెల్లో అక్కడక్కడా చూస్తుంటాం. ఈ లక్షణానికి కారణమైన జన్యువు ఒంటిపై ఈకలను 30 నుంచి 40 శాతం వరకు తగ్గిస్తుంది. దాంతో వేడి సులువుగా బయటకు పోతుంది. దేశీయ పరిశోధన సంస్థలు ఈ జన్యువును తమ వంశాల్లోకి తెచ్చాయి. ఇజ్రాయెల్‌లోని హీబ్రూ విశ్వవిద్యాలయం 2002లో ఏకంగా ఈకలే లేని బ్రాయిలర్‌ను ప్రపంచానికి చూపింది. అది రైతు షెడ్ల వరకు రాలేదు. వేడిని గెలవడానికి జన్యువు ఉన్నంత మాత్రాన చాలదు, బరువులోనూ దాణా ఖర్చులోనూ ఆ కోడి పోటీకి నిలవాలి.

ఏ కోడి ఎవరికి?

నికరమైన కరెంటు, సరిపడా నీరు, షెడ్డుకు పెట్టుబడి ఉన్నవారికి బ్రాయిలర్ ఆదాయ మార్గమే. ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో వేరుశనగ చేతికందని ఏడు ఆదుకునేది పశువులు, గొర్రెలు, కోళ్లే. బోరు ఎండిపోయే చోట, అప్పు తెచ్చి షెడ్డు వేసేవారు మాత్రం ఆచితూచి అడుగేయాలి. పది, ఇరవై కోళ్లతో గడిపే కుటుంబాలకు పెరటి రకాలే నయం. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, పెరటి పెంపకంలో వనరాజా 100 నుంచి 110, గ్రామప్రియ 160 నుంచి 180 వరకు పెడతాయి. అయితే తొలి ఆరు వారాలు వీటికీ వెచ్చదనం, దాణా, టీకాలు తప్పనిసరి. పొదుగుకు కూర్చునే గుణం వీటిలో తక్కువ కనుక నాటు పెట్టను పూర్తిగా వదులుకోరాదు.

వేసవిలో ఇలా చేయాలి

* షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. రేకులపై సున్నం పూయడం, గడ్డి పరిచి తడపడం మంచిది.
* చదరపు అడుగుకు ఒక కోడి చొప్పున వేసే చోట వేసవిలో సంఖ్య తగ్గించాలి.
* ఎండ ముదిరిన వేళ దాణా పెట్టరాదు. తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక పెట్టాలి.
* నీళ్ల ట్యాంకును, పైపులను ఎండ తగలకుండా కప్పాలి. చల్లని నీరు నిరంతరం అందాలి.
* గాలి ఆడని చోట ఫాగర్లతో నీరు చల్లితే ఉక్క పెరిగి ముప్పు ఎక్కువవుతుంది. ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడే వాడాలి.
* మే నెలలో కోళ్లు పూర్తి బరువుకు రాకుండా పిల్లలు దించుకునే తేదీని ముందే చూసుకోవాలి.

కోడి వంశాన్ని మార్చడం రైతు చేతిలో లేదు. ఏ వంశాన్ని ఏ నెలలో తన షెడ్డులోకి దించుకోవాలన్నది మాత్రం రైతు చేతిలోనే ఉంది. ఒప్పంద పత్రంపై సంతకం పెట్టే ముందు వేసవి మరణాల నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో అడిగి తెలుసుకోవడం అన్నింటికన్నా ముందు తీసుకోవాల్సిన జాగ్రత్త.