చేపల తొట్టికి కరెంటు: ఎంసీబీ ఉంటే సరిపోదు

తొట్టిలో చేపలు హాయిగా తిరుగుతున్నాయి కదా, నీళ్లలో కరెంటు ఎందుకుంటుంది? ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఉండే ధీమా ఇది. ఈ ధీమా ప్రాణం మీదికి తెస్తుంది. హీటర్ గాజు పగిలి తొట్టిలో నీళ్లన్నింటికీ ఫేజు తగిలినా చేపలు మామూలుగానే ఈదుతూ ఉండవచ్చు. కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమీ కాకపోవడం లాంటిదే ఇది. కరెంటు పారాలంటే వచ్చే దారితో పాటు పోయే దారి కూడా ఉండాలి. గాజు గుండా కరెంటు పోదు. కింద చెక్క స్టాండు. నీటికీ నేలకీ మధ్య తోవ లేదు. నీరంతా దాదాపు ఒకే వోల్టేజీలో ఉంటుంది కాబట్టి అందులోని చేప ఒంట్లోంచి పారేది స్వల్పం. నాచు గీకడానికి తడి గచ్చు మీద ఒట్టి కాళ్లతో నిలబడి చేయి ముంచినప్పుడు ఆ తోవ ఏర్పడుతుంది. అది మన శరీరమే.

అప్పుడు ఒంట్లోంచి పారే కరెంటు ఎంతో లెక్క వేసి చూద్దాం. పొడిగా ఉన్న చర్మం కరెంటును గట్టిగానే అడ్డుకుంటుంది. తడిసిందంటే ఆ అడ్డు కూలిపోతుంది. చేయి నీళ్లలో, పాదాలు తడి నేల మీద ఉన్నప్పుడు శరీరం నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోతుంది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. ఇది ఏపాటిదన్నది చార్లెస్ డాల్జియెల్ ప్రయోగాలు చెబుతాయి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన ఆచార్యుడు. చేత్తో పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను వదలగలిగే హద్దు ఎక్కడుందో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి మీద కొలిచాడు. సగటున పురుషులకు 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లు. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చేయి వదలదు. ఇంకా పెరిగితే ఊపిరి ఆడదు, గుండె లయ తప్పుతుంది. 230 మిల్లీ ఆంపియర్లంటే ప్రాణం పోవడానికి కావలసిన దానికన్నా చాలా ఎక్కువ.

మరి బోర్డులో ఎంసీబీ ఉంది కదా, పడిపోదా? పడదు. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, అంటే 330 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మనిషిని చంపే కరెంటు దానికన్నా తక్కువ. 6 ఆంపియర్లకో 16 ఆంపియర్లకో పెట్టిన ఎంసీబీ దృష్టిలో అది మామూలు వాడకమే. లోడు పెరిగినా షార్ట్ సర్క్యూట్ అయినా వైర్లు కాలిపోకుండా చూడటం దాని పని. మనుషుల కోసం వేరే పరికరం ఉంది, దాని పేరు ఆర్‌సీసీబీ. పాత అలవాటు కొద్దీ చాలామంది ఎలక్ట్రీషియన్లు దీన్ని ఈఎల్‌సీబీ అంటారు.

దాని లోపల ఉండే ఏర్పాటు చూడముచ్చటైనది. గుండ్రటి అయస్కాంత కోరు ఒకటి ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ దానిగుండా పోతాయి. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తే రెండింటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నీళ్లలోంచి చేయి గుండా కొంత కరెంటు నేలలోకి పోయిందనుకోండి, తిరిగొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. ఆ తేడా కోరు మీద చుట్టిన మూడో చుట్టలో చిన్న కరెంటు పుట్టిస్తుంది, అది మీటను పడేస్తుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల రకం. తేడా 30కి చేరితే 0.3 సెకన్ల లోపు, దానికి అయిదు రెట్లయితే 0.04 సెకన్ల లోపు పడిపోవాలి. మన దేశంలో దీనికి ప్రమాణం ఐఎస్ 12640. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల అంకె కూడా చూసుకోండి. 100, 300 రకాలు కూడా దొరుకుతాయి, అవి అగ్నిప్రమాదాల నివారణకు తప్ప చేయి పెట్టే చోటికి పనికిరావు. డాల్జియెల్ 1961లో ఇలాంటి పరికరాన్నే ట్రాన్సిస్టర్లతో రూపొందించాడు. 1968లో అమెరికా విద్యుత్ నియమావళిలోకి ఇది వచ్చింది ఈత కొలనుల్లో నీటి అడుగున పెట్టే దీపాల కోసమే. నీళ్లూ కరెంటూ కలిసే చోట దీని అవసరం అంత ముందే గుర్తించారు.

దీనికీ హద్దులున్నాయి. షాకు అసలే తగలకుండా ఇది ఆపలేదు, తగిలిన క్షణంలో సరఫరా తెంచుతుంది. ఒక చేయి ఫేజుకు, మరో చేయి న్యూట్రల్‌కు తగిలి, నేలకు ఏమీ పారకపోతే దీనికి తేడా కనిపించదు. ఇంకొకటి, గాజు తొట్టి నేలకు తగలదు కాబట్టి నీళ్లలోకి లీకేజీ వచ్చినా మనిషి చేయి పెట్టేదాకా ఇది పడకపోవచ్చు. అందుకే కొందరు టైటానియం కడ్డీని నీళ్లలో దించి ఎర్తుకు కలుపుతారు. లీకేజీ మొదలవగానే కరెంటు ఆ కడ్డీ దారిన పోయి ఆర్‌సీసీబీ అప్పుడే పడుతుంది. మంచి ఆలోచనే, కానీ ఆర్‌సీసీబీ లేకుండా ఒట్టి కడ్డీ పెట్టడం పనికిరాదు. అప్పుడు లీకేజీ నీళ్లలోంచి నిరంతరం పారుతూనే ఉంటుంది.

ఎర్తు సంగతి నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, పై రంధ్రానికి వెనక వైరే ఉండదు. బయటికి చూస్తే తెలియదు. ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెండిటికన్నా పొడవుగా చేసింది అది ముందుగా తగిలి చివరగా ఊడాలని. లోపల వైరు లేకపోతే ఆ జాగ్రత్త అంతా వృథా. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పనులు అడగండి: ఆ సాకెట్‌కు ఎర్తు నిజంగా ఉందో లేదో పరీక్షించడం, స్విచ్చి ఫేజు మీదే ఉందో చూడడం, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టడం. ఇవి మనం సొంతంగా చేసుకునే పనులు కావు. స్విచ్చి పొరపాటున న్యూట్రల్ మీద పడి ఉంటే, ఆపినా హీటర్‌కు ఫేజు అందుతూనే ఉంటుంది. అందుకే తొట్టిలో చేయి పెట్టే ముందు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు తీసేయాలి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఒక మెలిక ఉంది. మెయిన్ బోర్డులో ఇన్వర్టర్‌కు ముందు పెట్టిన ఆర్‌సీసీబీ కరెంటు పోయినప్పుడు తొట్టిని కాపాడుతుందని అనుకోకూడదు. అప్పుడు సరఫరా ఇన్వర్టర్ నుంచి వస్తుంది, ఆ ఆర్‌సీసీబీ గుండా రాదు. తొట్టి లైను ఇన్వర్టర్ మీద ఉంటే ఆర్‌సీసీబీ ఇన్వర్టర్ తర్వాత ఉండాలి. ఇన్వర్టర్‌తో పాటు భద్రత ఎలా పనిచేస్తుందో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. హీటర్‌ను మాత్రం ఇన్వర్టర్ మీద పెట్టకండి, బ్యాటరీ ఊడ్చేస్తుంది.

నిజానికి తొట్టికి కావలసిన కరెంటు తక్కువే. 60 లీటర్ల తొట్టికి ఫిల్టరు 10 వాట్లు, ఎయిర్ పంపు 4, ఎల్‌ఈడీ లైటు 15, హీటరు 75. మొత్తం వంద చిల్లర, అర ఆంపియరు కూడా కాదు. లోడు వల్ల వచ్చే ప్రమాదం కాదిది, తడి వల్ల వచ్చేది. నీటి చుక్క వైరు వెంట జారుతుంది. పంపు వైరు తొట్టి అంచు నుంచి నేరుగా కిందికి సాకెట్‌లోకి దిగితే, ప్రతి చుక్కా జారి ప్లగ్గు పిన్నుల్లోకి చేరుతుంది. వైరును సాకెట్ కన్నా ఒక జానెడు కిందికి వేలాడదీసి, అక్కడి నుంచి పైకి తిప్పి సాకెట్‌లో పెట్టండి. చుక్క ఆ వంపు అడుగున ఆగి నేల మీద పడుతుంది. పైసా ఖర్చు లేని పని, అయినా చాలా ఇళ్లలో కనిపించదు. సాకెట్ తొట్టికి పక్కగా, గోడ మీద ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు స్టాండు కింద నేల అన్నిటికన్నా చెడ్డ చోటు. సముద్రపు చేపల తొట్టి అయితే మరీ జాగ్రత్త. ఎగిరిపడే తుంపరలు ఆరి ఉప్పు పేరుకుంటుంది, అది చెమ్మ పట్టి పిన్నుల మధ్య కరెంటుకు తోవ చూపుతుంది.

కరెంటు పోయినప్పుడు ఎయిర్ పంపు ఆగుతుంది. పంపు నీటిమట్టానికి కింద ఉంటే తొట్టిలోని నీరు సన్నటి గొట్టం గుండా వెనక్కి లాగుకొచ్చి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి పారుతుంది. పంపును నీటిమట్టానికి పైన పెట్టండి, లేదా గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు వేయండి. చవకైన వస్తువు, కరెంటు కోతలున్న ఊళ్లలో తప్పనిసరి.

హీటర్ గాజు గొట్టంలో ఉన్న తీగ చుట్ట. నీరు తగ్గి పైకి తేలి, వేడెక్కిన గాజు మీద చల్లటి నీరు పడితే పగులుతుంది. నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగండి. అసలు అది కావాలా అన్నది కూడా ఆలోచించండి. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప, విజయవాడలో దానికి హీటర్ ఎందుకు? డిస్కస్ లాంటి వెచ్చటి నీటి చేపలకు, ఆదిలాబాద్ చలికి కావాలి. చిన్న తొట్టికి నేను మెచ్చేది స్పాంజి ఫిల్టరు. పంపు బయట ఉంటుంది, నీళ్లలోకి దిగేది గాలి గొట్టం ఒక్కటే. నీళ్లలో వైరే లేదు. లైటుకు 12 వోల్టుల అడాప్టర్ రకం దొరికితే అదే తీసుకోండి.

టెస్టర్ నీళ్లలో ముంచి వెలగలేదని నిశ్చింతగా ఉండకండి, వెలిగితే కంగారూ వద్దు. పంపు చుట్ట నుంచి సోకే వోల్టేజీకి అది అప్పుడప్పుడు వెలుగుతుంది. అసలు లీకేజీనో కాదో ఎలక్ట్రీషియన్ పరికరంతో కొలవాలి. చేయి పెట్టినప్పుడు జివ్వుమంటే మాత్రం నిర్లక్ష్యం చేయకండి. మెయిన్ ఆపి, పరికరాలన్నీ విప్పి ఒక్కొక్కటిగా చూపించాలి. ఎవరికైనా షాకు కొడుతుంటే వాళ్లను పట్టుకుని లాగకండి, ముందు మెయిన్ ఆపండి.

పశ్చిమ గోదావరి, నెల్లూరు చెరువుల మీద ఏరియేటర్ల దగ్గర రొయ్యల రైతులు, కూలీలు కరెంటుకు బలైన వార్తలు చదువుతూనే ఉన్నాం. అక్కడా తడి నేల, తొక్కు లేచిన వైరు, రక్షణ లేని లైను. కారణాలు ఇవే, తొట్టి పెద్దది.

మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఇప్పటికే ఉంటే దాని మీద టీ అని రాసిన చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే కావాలని కొంత తేడా పుట్టించి పరికరం పడుతుందో లేదో చూపిస్తుంది. ఈ వారమే ఒకసారి నొక్కండి, ఆపైన నెలకోసారి. నొక్కినా పడకపోతే అది మార్పించేదాకా తొట్టిలో చేయి పెట్టకండి.