గెలుపు తర్వాత... ముందు మనిషి!

1988 సెప్టెంబరు 24. ఆ రోజు దక్షిణ కొరియాలో ఏం జరిగిందని అడిగితే క్రీడాభిమానులు ఠక్కున చెప్పే పేరు బెన్‌ జాన్సన్‌. సియోల్‌ ఒలింపిక్స్‌ వంద మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డుతో గెలిచాడు. మూడు రోజులకే డోపింగ్‌లో దొరికి పతకం పోగొట్టుకున్నాడు. ఎలాగైనా గెలవాలనుకున్న మనిషి కథ అది.

అదే రోజు, అదే ఒలింపిక్స్‌లో, సియోల్‌కి దూరంగా పుసాన్‌ సముద్రంలో ఇంకో కథ నడిచింది. తెరచాప పడవల పోటీ. కెనడాకి చెందిన లారెన్స్‌ లెమ్యూ ఫిన్‌ తరగతి అయిదో రేసులో రెండో స్థానంలో ఉన్నాడు. గాలి ఒక్కసారిగా ఉద్ధృతమైంది. పక్కనే జరుగుతున్న వేరే రేసులో సింగపూర్‌ జట్టు పడవ బోల్తా పడింది. ఇద్దరూ నీళ్లలో ఉన్నారు. ఒకతను అలలకు కొట్టుకుపోతున్నాడు. లెమ్యూ పతకం వైపు పోతున్న తన పడవను వాళ్లవైపు తిప్పేశాడు. ఇద్దర్నీ పైకి లాగి, రక్షణ బోటు వచ్చి వాళ్లను తీసుకెళ్లేదాకా అక్కడే ఉన్నాడు. మళ్లీ రేసు మొదలుపెట్టి పూర్తి చేసేసరికి అతని స్థానం 22.

మామూలుగా అయితే కథ ఇక్కడ ‘పాపం, మంచివాడు’ అన్న మాటతో ముగిసిపోవాలి. కానీ సెయిలింగ్‌లో అలా ముగియలేదు. నిర్ణేతలు కూర్చుని, ఆగకపోతే అతనికి ఏ స్థానం వచ్చేదో ఆ రెండో స్థానాన్నే ఆ రేసుకు ఇచ్చేశారు. మొత్తం పోటీలో అతను పదకొండో స్థానంలో నిలిచాడు. పతకాల పట్టికలో పేరు లేదు. కానీ క్రీడాస్ఫూర్తికి ఇచ్చే పియర్‌ ద కుబెర్తాన్‌ పతకం అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఇందులో మనం గమనించాల్సింది లెమ్యూ మంచితనం ఒక్కటే కాదు. మంచితనం ప్రతిచోటా ఉంటుంది. ఆ మంచివాడు నష్టపోకుండా చూసిన లెక్క ఉంది చూడండి, అదీ అసలు విషయం!

మూడు రూల్స్‌... ఒక ధర్మం

సెయిలింగ్‌ పోటీలకు ప్రపంచమంతటా ఒకే నియమావళి ఉంటుంది. నాలుగేళ్లకోసారి దాన్ని సవరిస్తారు. అందులో మొట్టమొదటి నియమం ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు దారి ఇవ్వాలి అన్నది కాదు. ప్రమాదంలో ఉన్న ఏ మనిషికైనా, ఏ పడవకైనా చేతనైన సాయమంతా చేసి తీరాలి. 1.1 నంబరు నియమం చెప్పేది ఇదే. ‘వీలైతే చేయండి’ అని కాదు, చేసి తీరాలి.

రెండోది 61వ నియమం. సాయం చేయడానికి వెళ్లి వెనకబడితే ఆ నష్టాన్ని నిర్ణేతలు సరిచేయాలి. సమయమో, స్థానమో, పాయింట్లో తిరిగి ఇవ్వాలి. ఇక్కడో చిన్న షరతు కూడా ఉంది. మన పడవను మనం కాపాడుకున్నందుకు ఇది వర్తించదు. పక్కవాడికి చేస్తేనే.

మూడోది 41వ నియమం. పోటీలో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. అయితే జబ్బు పడినా, దెబ్బ తగిలినా, ప్రమాదంలో ఉన్నా తీసుకోవచ్చు. అంటే చెయ్యి చాపడం తప్పు కాదు.

సాయం చెయ్యి. చేస్తే నష్టపోవు. అడిగితే చిన్నబోనక్కర్లేదు. ఈ మూడూ కలిస్తేనే ఒక సమూహం కష్టకాలంలో నిలబడుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ కాగితం మీదే మిగిలిపోతాయి.

ఓడమల్లన్న కాదు... బోడిమల్లన్న కాదు

‘ఓడ దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న’ అని మనకో సామెత. పని గడిచాక ముఖం చాటేసేవాళ్ల గురించి. నిజంగా ఓడలు నడిపేవాళ్ల మధ్య మాత్రం లెక్క వేరేలా ఉంది.

ఫ్రాన్స్‌ నుంచి మొదలయ్యే వెండీ గ్లోబ్‌ పోటీ గురించి వినే ఉంటారు. ఒక్కరే, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయం లేకుండా తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టిరావాలి. 2009 జనవరిలో దక్షిణ అమెరికా చివర, కేప్‌ హార్న్‌ దగ్గర, జాన్‌ లె కామ్‌ అనే నావికుడి పడవ తిరగబడింది. బోర్లాపడ్డ పడవ లోపలే గంటల తరబడి చిక్కుకుపోయాడు. తోటి పోటీదారు విన్సెంట్‌ రియూ వెళ్లి అతన్ని కాపాడాడు. ఆ ప్రయత్నంలో రియూ పడవ దెబ్బతింది. తర్వాత దాని స్తంభమే విరిగిపోయి, రేసు అక్కడితో ఆగిపోయింది. అయినా నిర్ణేతలు రియూకి మూడో స్థానాన్ని మరొకరితో సమానంగా ఇచ్చారు. రియూ పడవ పేరు పీఆర్‌బీ.

పన్నెండేళ్లు గిర్రున తిరిగాయి. 2020 నవంబరు 30. అదే పోటీ. దక్షిణాఫ్రికాకు దిగువన పెద్ద అల దెబ్బకు ఒక పడవ రెండుగా మడతపడిపోయింది. కెవిన్‌ ఎస్కోఫియె అనే నావికుడు రబ్బరు తెప్పలోకి దూకాడు. అతన్ని వెతకడానికి నాలుగు పడవలు దారి మళ్లాయి. ముందుగా చేరుకున్నది అరవై దాటిన జాన్‌ లె కామ్‌. ఒకసారి తెప్ప కనిపించింది, మళ్లీ అలల్లో మాయమైంది. ఆ చుట్టుపక్కలే తిరిగి, పదకొండు గంటల తర్వాత ఎస్కోఫియెని తన పడవలోకి లాక్కున్నాడు. మునిగిన పడవ పేరేంటో తెలుసా? పీఆర్‌బీ! పడవ కొత్తది, నడిపే మనిషి వేరు, కానీ పేరు అదే. ఒకప్పుడు ఆ పేరున్న పడవ తనను కాపాడింది. ఇప్పుడు ఆ పేరున్న పడవలోని మనిషిని తాను కాపాడాడు.

మరి లెక్క? లె కామ్‌కి 16 గంటల 15 నిమిషాలు, యానిక్‌ బెస్తావెన్‌కి 10 గంటల 15 నిమిషాలు, బోరిస్‌ హెర్మన్‌కి 6 గంటలు తిరిగి ఇచ్చారు. ఆ పోటీలో ముగింపు గీతను మొదట దాటింది షార్లీ దాలాన్‌. కానీ వెతకడానికి వెచ్చించిన సమయాన్ని తీసేస్తే విజేత బెస్తావెన్‌! దాదాపు ఎనభై రోజుల పోటీలో తేడా రెండున్నర గంటలు. సాయానికి వెళ్లిన సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆ పోటీ విజేత పేరే వేరు.

మనవాడి కోసం ఒక ఐరిష్‌ నావికుడు

ఈ గొలుసులో మన దేశం వాడూ ఉన్నాడు. అప్పట్లో నౌకాదళ అధికారి అయిన అభిలాష్‌ టామీ. 2018లో గోల్డెన్‌ గ్లోబ్‌ రేసులో పాల్గొన్నాడు. అర్ధశతాబ్దం కిందటి పద్ధతిలో, జీపీఎస్‌ లేకుండా, నక్షత్రాలనూ సూర్యుణ్ణీ చూసుకుంటూ ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పోటీ అది. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు అతని ‘తురీయ’ పల్టీ కొట్టింది. స్తంభాలు విరిగాయి. వెన్నెముక దెబ్బతిని లేవలేని స్థితి. దగ్గర్లో నేల లేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి దాదాపు 1,900 నాటికల్‌ మైళ్ల దూరం.

అదే తుపానులో ఐర్లండ్‌కి చెందిన గ్రెగర్‌ మెక్‌గకిన్‌ పడవ స్తంభాలూ విరిగిపోయాయి. అతను ఉన్న సామానుతోనే తాత్కాలికంగా తెరచాప కట్టుకుని, టామీ ఉన్నవైపు నెమ్మదిగా బయల్దేరాడు. తానే కుంటుతూ, కుంటలేనివాడి దగ్గరికి! మారిషస్‌ నుంచి మన నౌకాదళ విమానం ఎగిరి పడవ జాడ కనిపెట్టింది. సెప్టెంబరు 24న ఫ్రెంచి గస్తీ నౌక ఒసిరిస్‌ టామీని చేరుకుంది. లెమ్యూ పడవ తిప్పిన రోజుకు సరిగ్గా ముప్ఫై ఏళ్లు! తర్వాత మెక్‌గకిన్‌నీ అదే నౌక ఎక్కించుకుంది. మన ఐఎన్‌ఎస్‌ సాత్పురా టామీని విశాఖపట్నం తీరానికి చేర్చింది.

నాలుగేళ్లకు అదే రేసు, వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకున్న అదే టామీ. 2022 నవంబరులో ఫిన్లండ్‌ నావికుడు టాపియో లెహ్టినెన్‌ పడవ కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. ఈసారి సాయానికి దారి మళ్లినవాళ్లలో అభిలాష్‌ టామీ ఒకడు. ముందుగా చేరుకుంది దక్షిణాఫ్రికాకి చెందిన కిర్‌స్టెన్‌ నాయ్‌షాఫర్‌. రాత్రంతా పడవ నడిపి వెళ్లి అతన్ని తెప్ప నుంచి పైకెక్కించి, ఓ గ్లాసు రమ్ము ఇచ్చి, ఆ దారిన వచ్చిన సరుకుల ఓడకు అప్పగించి, తన దారిన తాను వెళ్లిపోయింది. ఆ రేసు గెలిచింది ఆమే. రెండో స్థానం టామీది. పదహారు మంది బయల్దేరితే పూర్తి చేసింది ముగ్గురే!

ఒడ్డున మొదలవుతుంది

ఇవన్నీ మహాసముద్రాల సంగతులు. కానీ ఈ అలవాటు మొదలయ్యేది చెరువు గట్టు మీద. మన హుస్సేన్‌సాగర్‌నే తీసుకోండి. ఈఎంఈ సెయిలింగ్‌ అసోసియేషన్‌, సికింద్రాబాద్‌ సెయిలింగ్‌ క్లబ్‌, హైదరాబాద్‌ యాట్‌ క్లబ్‌... అందరిదీ ఆ నీరే. వర్షాకాలం గాలులకు ట్యాంక్‌బండ్‌ మీంచి కనిపించే ఆ తెల్ల తెరచాపలు వీళ్లవే. యాట్‌ క్లబ్‌లో పేద కుటుంబాల పిల్లలు నేర్చుకుని జాతీయ స్థాయి పోటీల్లో పతకాలు తెచ్చారు. ఈత కొలను ముఖం చూడని పిల్లలకు నీళ్ల మీద భయం పోవాలంటే పక్కన మనిషి ఉన్నాడన్న నమ్మకం కావాలి.

సెయిలింగ్‌ ఎక్కడ నేర్చుకున్నా తొలి రోజుల్లోనే చెప్పే పాఠం... పడవ బోల్తా కొట్టించడం! పడ్డాక దాన్ని మళ్లీ ఎలా నిలబెట్టాలో నేర్పడానికి. పడటం సిగ్గుపడే విషయం కాదని అక్కడే తెలిసిపోతుంది. పోటీల రోజు చాలాచోట్ల నీళ్లలోకి దిగేముందు ఒక లెక్క, ఒడ్డుకొచ్చాక ఒక లెక్క రాస్తారు. రెండూ కలిసేదాకా రక్షణ బోటు ఇంటికి పోదు. ఇంగ్లండ్‌లో చాలా క్లబ్బుల్లో అయితే ఒక వారం రేసులో ఉన్నవాడికే మరో వారం రక్షణ బోటు డ్యూటీ పడుతుంది. ఇవాళ కాపాడేవాడు, రేపు కాపాడించుకునేవాడు ఒకరే.

మన నావికుల్లో ఈ చేతులు మారడం చూడండి. దిలీప్‌ దోండే ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి భారతీయుడు. ఆయన ప్రయాణానికి ఒడ్డున ఉండి తోడ్పడిన కుర్రాడు అభిలాష్‌ టామీ. తర్వాత ‘తారిణి’లో ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురు మహిళా అధికారులకు శిక్షణ ఇచ్చిందీ ఆ దోండేనే. ఆ ఆరుగురిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్‌ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చారు. అంతదూరం వెళ్లింది ఆరుగురే అయినా, వాళ్ల వెనక ఒడ్డున నిలబడ్డవాళ్లు ఎందరో.

మాయని గాయం నుంచీ పాఠమే

ప్రతిసారీ కథ సుఖాంతం కాదు. 1979 ఆగస్టులో ఇంగ్లండ్‌ ఫాస్ట్‌నెట్‌ రేసులో 303 పడవలు తుపానులో చిక్కుకున్నాయి. పదిహేను మంది పోటీదారులు చనిపోయారు. లైఫ్‌బోటు వాలంటీర్లు, హెలికాప్టర్లు, దారినపోయే ఓడలు, తోటి పడవలు... అందరూ కలిసినా అందర్నీ కాపాడలేకపోయారు. ఆ దుఃఖంలోంచి క్లబ్బులు చేసిన పని ఏంటంటే, బతికొచ్చిన పడవలవాళ్లందరికీ ప్రశ్నపత్రాలు పంపాయి. ఏం విరిగింది? ఏం పనిచేసింది? తాడు ఎక్కడ తెగింది? ఆ జవాబుల నుంచి నివేదిక వచ్చింది. రేడియోలు, భద్రతా తాళ్లు, పడవ తయారీ నిబంధనలు మారాయి. మా సాఫ్ట్‌వేర్‌లో సర్వర్‌ కుప్పకూలాక ‘ఎవడు చేశాడు’ అని కాకుండా ‘ఏం జరిగింది’ అని రాసుకోమంటారు. అక్కడ వాళ్లు ప్రాణాలు పోయిన చోట కూడా అదే పని చేశారు.

మరి మన నేల మీద?

‘తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం’ అని మన పెద్దలు హెచ్చరించారు. తప్పేం లేదు. నేల మీద సాయం చేసినవాడే నష్టపోతాడు కాబట్టి ఆ మాట పుట్టింది.

ఓ సంఘటన చెప్తాను. నేను పనిచేసిన ఒక టీములో కుర్రాడి నాన్నగారు ఐసీయూలో ఉంటే, అతని రాత్రి డ్యూటీలు మూడు వారాలు మా అక్కలాంటి ఓ సీనియర్‌ చేసింది. కుర్రాడు ధైర్యంగా నాన్న పక్కన ఉండగలిగాడు. మీటింగులో అందరం చప్పట్లు కొట్టాం. ఆర్నెల్ల తర్వాత అప్రైజల్‌లో మాత్రం ఆవిడ సొంత పని ఆలస్యమైందని రేటింగు తగ్గింది. ఎవరూ దుర్మార్గులు కారు. సాయానికి పట్టిన గంటలు రాసే గడి ఆ ఫారంలో లేదు, అంతే! తర్వాతి ఏడాది ఉద్యోగాల కోతలు మొదలైనప్పుడు ఆ టీములో ఎవరూ ఎవరి డ్యూటీ తీసుకోలేదు. వాళ్లు చెడ్డవాళ్లయిపోయి కాదు. లెక్క నేర్చుకున్నారు.

అందుకే నాకు సెయిలింగ్‌ వాళ్ల లెక్క అంత నచ్చింది. మనకు 61వ నియమం రాయడానికి పెద్ద కమిటీలేం అక్కర్లేదు. అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే పెద్దాయనను ఆసుపత్రికి తీసుకెళ్లిన పక్కింటి కుర్రాడి ఆటో డబ్బులు, పోయిన సగం రోజు జీతం ఎవరిస్తారు? అసోసియేషన్‌ నిధిలోంచి ఇద్దామని తీర్మానం చేయొచ్చు. ఆఫీసులో తోటివాళ్ల కోసం పెట్టిన గంటలకు ఒక గడి పెట్టమని మేనేజర్‌ను అడగొచ్చు. ఉద్యోగం పోయినవాడు గ్రూపులో ఆ మాట చెప్పుకుంటే సలహాలు కురిపించేముందు, చెప్పినందుకు అతను చిన్నబోకుండా చూడొచ్చు. అది 41వ నియమం.

సాయం చేసినవాడికి దండ వేయడం సులువు. ‘దీనివల్ల నీకేం పోయింది?’ అని అడిగి, పోయింది తిరిగి ఇచ్చేయడం కాస్త కష్టం. కానీ ఈసారి అల వచ్చినప్పుడు ఎన్ని పడవలు మనవైపు తిరుగుతాయన్నది ఆ రెండో పని మీదే ఆధారపడి ఉంటుంది.