పుస్తకానికి ఆయువు పోసే సున్నం

‘గ్రంథ’ శబ్దానికి మూలార్థం ముడి వేయడం, గుచ్చి కట్టడం. ఆకులకు రంధ్రాలు చేసి, త్రాడు గుచ్చి, రెండు చెక్కల నడుమ బిగించిన మన తాళపత్ర గ్రంథానికి ఆ పేరు చక్కగా అమరింది. చేతితో పుస్తకం కట్టడం నేర్చుకొనేవారికి నేటికీ మొదటి పాఠం ముడి వేయడమే. కాని ముడి నిలిచినా పుట నిలవకపోతే ప్రయోజనమేమి? ఇక్కడ రసాయన శాస్త్రం అవసరమవుతుంది.

నేస్ పట్టణంలోని తెలుగు కుటుంబాలకు ఈ పాఠం చెప్పగల గ్రంథాలు దగ్గరలోనే, డబ్లిన్‌లో ఉన్నాయి. ట్రినిటీ కళాశాలలోని కెల్స్ గ్రంథాన్ని క్రీ.శ. 800 ప్రాంతంలో దూడచర్మంపై వ్రాశారు. 340 పత్రాలు మిగిలాయి. ఇటువంటి పుటల కోసం చర్మాన్ని సున్నపు నీటిలో రోజుల తరబడి నానబెట్టి, వెండ్రుకలు తీసి, చట్రానికి బిగించి, వంపుకత్తితో గీకుతూ ఆరబెడతారు. చెప్పుల తోలు వలె కరక్కాయతోనో తంగేడు చెక్కతోనో పదును చేయరు. చర్మంలో మిగిలిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. తరువాత ఆమ్లం చేరినా దానిని విరిచివేస్తుంది.

ఇంచుమించు అదే కాలపు మరొక గ్రంథం కథ విచిత్రమైనది. 2006లో టిప్పరేరీ జిల్లాలోని ఫాడన్ మోర్ అనే చిత్తడి నేలను యంత్రంతో తవ్వుతుండగా ఒక కీర్తనల పుస్తకం బయటపడింది. ఆమ్లగుణం గల ఆ నేలలో వెయ్యేళ్లకు పైగా నానిన చర్మం చాలావరకు జిగురుగా కరిగిపోయింది. కాని అనేక చోట్ల అక్షరాలు మాత్రం మిగిలాయి! కారణం సిరా. ఓక్ చెట్ల బుడిపెలలోని టానిన్‌కు అన్నభేది కలిపి చేసే ఆ సిరా, తాను తాకినంత మేర చర్మాన్ని తోలుగా పదును చేసింది. ఆ శిథిల పత్రాలను డబ్లిన్‌లోని జాతీయ ప్రదర్శనశాల భద్రపరచింది.

కాగితానికి ఈ అదృష్టం లేదు. సిరా పాకకుండా కాగితపు గుజ్జులో పటిక, రోజిన్ కలిపే పద్ధతిని 1807లో జర్మనీకి చెందిన ఇల్లిగ్ ప్రకటించాడు. పటిక తేమతో కలిసి మెల్లగా ఆమ్లాన్ని పుట్టిస్తుంది. అది సెల్యులోజ్ గొలుసులను తుంచుతుంది. తాతగారి నాటి పుస్తకంలో పుట మడవగానే విరగడం అందువల్లనే. నేటి మన్నికైన కాగితంలో మళ్లీ కాల్షియం కార్బొనేట్‌నే కలుపుతున్నారు. దూడచర్మానికి దక్కిన రక్షణే ఇది.

కనుక అమ్మమ్మగారి ఉత్తరాలను పుస్తకంగా కట్టదలచిన పిల్లలు ముందుగా ఆమ్లరహిత కాగితం కొనాలి. దానిని మెల్లగా వంచి చూస్తే ఒక దిక్కున సులువుగా వంగుతుంది. పోగులు ఆ వంపు వెంబడి ఉన్నట్లు. వెన్ను మడత కూడా అదే దిక్కున ఉండాలి. తేమకు పోగులు పొడవున కాక అడ్డంగా ఉబ్బుతాయి గనుక, ఎదురు మడతలో పుటలు ముడుతలు పడతాయి. కుట్టడానికి తేనెమైనం రాసిన నార దారం, అతకడానికి ఉడికించిన మైదా జిగురు చాలును. మన వైపు ఆ జిగురులో పురుగు రాకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉన్నది. పురుగు రాదు గాని, అందులోని రాగి కాగితాన్ని త్వరగా పాడుచేస్తుంది. సెలోటేపు మాట అసలే వద్దు! పాత ఉత్తరాలలో ఆమ్లం ఎలాగూ ఉంటుంది. ఒక్కొక్క ఉత్తరానికి నడుమ సున్నపు పాలు గల ఈ కాగితం ఒకటి చేర్చి కుట్టాలి.