ముందు తీగ, పిమ్మట సెట్టు: చోడవరమున హామ్ రేడియో

చోడవరమున ఏ మేడపైకెక్కి నిలిచినను రెండు తెరగుల నేల కంటబడును. ఆగ్నేయమున చెరకు తోటలును వరిమళ్లును దాటి, అనకాపల్లి మీదుగా సముద్రము వరకు భూమి మెల్లగా వాలిపోవును. వాయవ్యమున మాడుగుల వెనుకనుండి తూర్పు కనుమలు గోడ కట్టినట్లు లేచి, ఆవలి పాడేరు మన్యమును మన చూపునకు అందకుండ మరుగుపరచును. స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెలకును గోవాడ చక్కెర మిల్లుకును పేరొందిన ఈ ఊరు 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణ జిల్లాలో నుండి నేడు అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను కొండ కదలలేదు, కడలి జరగలేదు. రేడియో తరంగము లెక్కచేయునది ఆ కొండను, ఆ పల్లమునే గనుక, ఇచట హామ్ రేడియో కేంద్రము నెలకొల్పుకొనదలచినవారు మొదట అడుగవలసినది ‘ఏ కంపెనీ సెట్టు కొనవలెను’ అని కాదు. ‘ఎవరితో మాటాడవలెను, ఆ మాట ఏ దారిని పోవలెను’ అని. దారి తేలినచో ఏంటెన్నా తేలును. ఏంటెన్నా తేలిన పిమ్మట సెట్టును ఎన్నుకొనుట పెద్ద పని కాదు. ఈ వరుసను తలక్రిందులు చేసి, ఉన్న ధనమంతయు సెట్టుమీద పోసి, తీగకు మిగిలినది చాలునని తృప్తిపడువారే ఎక్కువ అగుటచేత ఈ వ్యాసము వ్రాయవలసివచ్చినది.

హామ్ రేడియో యనగా లాభాపేక్ష లేక, విద్యాభిలాషతోను స్నేహభావముతోను, పౌరులు తమ ఇంటినుండియే ప్రసారము చేయుచు, ఇతరుల ప్రసారములను అందుకొనుచు సాగించు వ్యాసంగము. మన దేశమున 1921లో అమరేంద్ర చంద్ర గుప్తూ తొలి లైసెన్సు పొందగా, అదే సంవత్సరము ముకుల్ బోసు రెండవవాడై, వారిరువురి నడుమ తొలి సంభాషణ నడచినది. తెలుగు నేలపై ఈ విద్యకు ప్రధానస్థానము 1983లో హైదరాబాదున వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. పండ్రెండేండ్లు నిండిన పౌరుడెవడైనను కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖవారి పరీక్షలో, ప్రాథమిక ఎలక్ట్రానిక్సునందును నిబంధనలయందును ఉత్తీర్ణుడై లైసెన్సు పొందవచ్చును. వీయూ2 అనియో వీయూ3 అనియో మొదలగు పిలుపు పేరు అతనికి లభించును. ఆ పత్రము చేతికి రాకముందు ప్రసారపు మీట నొక్కుట చట్టవిరుద్ధము. అంతర్జాలపు అంగళ్లలో వాకీటాకీలు బొమ్మలవలె అమ్ముడగుచుండుట చూచి 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శక సూత్రములను వెలువరించినది కూడ. కొనుటకు దొరకినది కదా యని వాడుటకు హక్కు కలిగినట్లు తలపరాదు.

క్రొత్తగా చేరినవారి చూపు మొదట ప్రాకునది ఆ చేతి సెట్టు మీదికే. అది చవుక, చిన్నది, జేబులో ఇముడును. 144 నుండి 146 మెగాహెర్ట్జ్‌ల నడుమ నున్న టూ మీటర్ బ్యాండున అది పలుకును. ఈ బ్యాండున తరంగము దాదాపు కంటిచూపువలె తిన్నగా పోవును గనుక, అది ఎంత దూరము పోవునో తెలిసికొనుటకు ఒక చిన్న లెక్క చాలును: ఏంటెన్నా ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.12తో హెచ్చవేసినచో, అడ్డులేని నేలపై దాని చూపు ఎన్ని కిలోమీటర్లో వచ్చును. నిలుచున్న మనిషి చేతిలోని సెట్టుకు ఇది ఐదారు కిలోమీటర్లు, అదియు ఆరుబయట. స్లాబు ఇంటిలో కూర్చుండి పిలిచినచో వీధి మలుపు దాటుటయే కష్టము. అదే బ్యాండునకు తగిన ఏంటెన్నాను 9 మీటర్ల ఎత్తున మేడపై నిలిపినచో దాని చూపు 12 కిలోమీటర్లు; అనకాపల్లిలోని మిత్రుడును అట్లే నిలిపినచో రెండు చూపులును కలిసి 25 కిలోమీటర్లు. గాలిదారిన అనకాపల్లి మనకు సుమారు 16 కిలోమీటర్లే గనుక ఆ సంభాషణ సుఖముగా సాగును. విశాఖపట్టణము 33 కిలోమీటర్లు. అచటివారు పండ్రెండంతస్తుల భవనముపై నున్నచో లెక్క సరిపోవును గాని, నడుమ నడుమ లేచు కొండలు ఆ లెక్కను మన్నించునని చెప్పలేము.

ఇక పాడేరు మాట. గాలిదారిన సుమారు 40 కిలోమీటర్లే. కాని నడుమ కనుమలున్నవి. కొండకొనపై మాటను అందుకొని మరల ప్రసారము చేయు రిపీటర్ లేనిచో, చేతి సెట్టుకు ఎంత ఖరీదు పెట్టినను ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు మాట దాటదు. అయినను దాటించు ఉపాయమొకటి కలదు, అది ఈ వ్యాసంగమున నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన సంగతి. 7 మెగాహెర్ట్జ్‌ల దగ్గరి ఫార్టీ మీటర్ బ్యాండున, నేలకు మరీ ఎత్తుగా గాక పది మీటర్ల లోపున కట్టిన తీగనుండి వెడలిన తరంగము, అధికభాగము నడినెత్తికి ఎగసి, పగటివేళ అయనావరణమును తాకి, గొడుగు విప్పినట్లు చుట్టును నేలకు దిగివచ్చును. మీదినుండి దిగు మాటకు కొండ అడ్డు కాజాలదు. అందుచేత ఏ ఏంటెన్నాతో పాడేరు లోయకు పలుకుదుమో, దానితోనే 285 కిలోమీటర్ల బెజవాడకును, పగలు అనుకూలించినచో 475 కిలోమీటర్ల హైదరాబాదునకును పలుకవచ్చును. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఆవరణము పలుచబడి, చేరువవారు వినబడక, వేలాది కిలోమీటర్ల ఆవలివారు దగ్గరివారివలె వినవత్తురు. రాత్రియు చేరువవారే కావలెనన్నచో 3.5 మెగాహెర్ట్జ్‌లకు దిగవలెను, దానికి రెట్టింపు పొడవు తీగ కావలెను.

ఆ తీగను గూర్చి కొంత నిదానముగా చెప్పుకొందము. డైపోల్ అను ఏంటెన్నాకు మించినది ఆరంభకునకు లేదు. 143ను మెగాహెర్ట్జ్‌లతో భాగించినచో మొత్తము పొడవు మీటర్లలో వచ్చును, 7.1కి అది 20 మీటర్లు, ఒక్కొక్క రెక్క 10 మీటర్లు. ఇంటి వైరింగునకు వాడు రాగితీగ ఏ ఎలక్ట్రికల్ దుకాణములోనైనను దొరకును. కొనలకు పీవీసీ గొట్టపు ముక్కలను తొడిగి, వానికి నైలాన్ త్రాడు కట్టవలెను. కోయునపుడు ప్రతి రెక్కను ఒక అర మీటరు పొడవుగానే ఉంచి, పైకెత్తి, తీగ త్రిప్పిపంపు శక్తిని తెలుపు ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూచి, దించి, రెండువైపులను సమముగా కొంచెము కొంచెము కత్తిరించుచు పోవలెను. పొట్టిదైన తీగకు అతుకు వేయవలసివచ్చును. మేడపై ఒకే జీఐ గొట్టము నిలుపగలవారు తీగ నడిమిభాగమును దాని కొనకు కట్టి, రెక్కలను ఇరుప్రక్కల ఏటవాలుగా దింపి, కొనలు మనిషి చేతికందని ఎత్తున ఉండునట్లు చూడవలెను. పెరటిలో రెండు కొబ్బరిచెట్లున్నవారు అదృష్టవంతులే గాని, చెట్టు గాలికి ఊగును, తీగ సాగదు. బిగించి కట్టినచో తొలి గాలివానకే తెగును. కావున ఒక కొనను గట్టిగా కట్టి, రెండవ కొన త్రాటిని చెట్టున వ్రేలాడదీసిన కప్పీ మీదుగా దింపి, చివర ఇటుకలనో ఇసుక నింపిన సీసానో కట్టినచో, చెట్టు వంగునపుడు బరువు పైకి ప్రాకును, నిలుచునపుడు దిగును, తీగమీద లాగుడు మారదు. ఏది కట్టినను, గొట్టము గాని తీగ గాని కూలినచో విద్యుత్ తీగలపై పడు అవకాశము లవలేశమును లేని చోటనే కట్టవలెను. ఈ ఒక్క విషయమున సర్దుబాటునకు తావు లేదు.

ఏంటెన్నానుండి సెట్టుకు వచ్చు కొయాక్స్ కేబులును చిన్నచూపు చూచుట మరియొక పొరపాటు. సన్నని ఆర్‌జీ-58 రకము ముప్పది మీటర్ల పొడవున 7 మెగాహెర్ట్జ్‌ల వద్ద నాలుగవ వంతు శక్తిని మాత్రమే మ్రింగును, అది సహింపదగినదే. టూ మీటర్ బ్యాండున అదే ముక్క ముప్పాతిక వంతును మ్రింగి, పావువంతును మాత్రము మీదికి పంపును. లావైన ఆర్‌జీ-213 అచట సగమునకు పైగా చేర్చును. కావున తక్కువ ఫ్రీక్వెన్సీకి సన్నది చాలును, ఎక్కువదానికి లావుది కావలెను, ఏదైనను అవసరమునకు మించిన పొడవు ఉండరాదు. వానకాలమున ఈ కేబులు చచ్చునది నీటివలననే. పైఅతుకును రబ్బరు టేపుతో గాలి చొరకుండ చుట్టి, ఇంటిలోనికి వచ్చుచోట కేబులును ఒక వంపుగా క్రిందికి వదలినచో, జారివచ్చు నీరు ఆ వంపునుండియే బొట్లుగా రాలిపోవును. వైశాఖపు ఉరుములు వినబడగనే కేబులును సెట్టునుండి ఊడదీసి బయట పెట్టవలెను. ఎర్తింగు ఉన్నది కదాయని ధీమా పడరాదు.

వాట్లను గూర్చిన వ్యామోహమును ఇచటనే తీర్చుకొనుట మేలు. పది వాట్ల సెట్టుకును నూరు వాట్ల సెట్టుకును ధరలో ఎంతో దూరమున్నను, వినువాని సెట్టునందు తరంగబలమును చూపు ఎస్-మీటరుపై ఆ రెంటి తేడా రెండు గీతల లోపే. ఇంటిలోని ఎల్‌ఈడీ బల్బులును, ఫోను చార్జర్లును, ఇన్వర్టరును కలసి పుట్టించు రొద అంతకంటె ఎక్కువ గీతలను మ్రింగివేయగలదు. కావున చిన్న ట్రాన్సిస్టరు రేడియోను షార్ట్ వేవునందు ఏ స్టేషనును లేని చోట నిలిపి, చేతబట్టుకొని ఇల్లంతయు తిరిగినచో, ఏ గోడ దగ్గర రొద పెరుగునో, ఏ స్విచ్చి ఆపినచో తగ్గునో తెలిసిపోవును. ఏంటెన్నాను అచటినుండి ఎంత దూరమునకు జరుపగలిగిన అంత మంచిది. ఈ పనికి ఖర్చు లేదు. ఫలము మాత్రము పెద్ద సెట్టు కొన్నంత.

ఇప్పుడు సెట్టు. జపానువారి ఐకామ్, యాయేసు, కెన్‌వుడ్ సంస్థల నూరు వాట్ల సెట్లు గొప్పవి. 2016లో వచ్చిన ఐకామ్ ఐసీ-7300 వంటిది చుట్టుపట్ల బ్యాండు నంతటిని తెరపై చిత్రించి చూపునపుడు కలుగు ఆనందమును నేను కాదనను. కాని తెలుగువారి ముంగిట పుట్టిన ఒక సెట్టు కథ వినక మరియొకదానిని కొనుట న్యాయము కాదు. హైదరాబాదునకు చెందిన అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్‌ఈ, ఈ శతాబ్దారంభ సంవత్సరములలో ‘బిటెక్స్’ అను సెట్టును రూపొందించి, దాని పటమును లోకమునకు ఉచితముగా ఇచ్చివేసెను. విదేశపు అరుదైన భాగములు కావలెనన్న నియమము అందులో లేదు. ఏ దుకాణమునందైనను దొరకు ట్రాన్సిస్టర్లతో, తీగచుట్టను కొళాయి వాషరుపై చుట్టుకొనియైనను, పేద విద్యార్థి దానిని నిర్మింపవచ్చును. ప్రపంచమున ఎందరో దానిని తమ బల్లలపై స్వయముగా అతుకుకొనిరి. పిమ్మట 2016లో బిటెక్స్-40యును, 2017 చివర సుమారు పది వాట్లతో 3 నుండి 30 మెగాహెర్ట్జ్‌ల వరకు పలుకు మైక్రోబిటెక్సును వెలువడినవి. వాని బోర్డులను కూర్చినవారు హైదరాబాదునందలి ఒక మహిళాబృందమువారు. చోడవరము బాలుడో బాలికయో తొలి సెట్టుగా ఏది పట్టవలెనని నన్నడిగినచో, మూత విప్పి లోపల చూడదగినది, చెడినచో తానే అతుకు వేయదగినది ఇట్టిదేయని నిస్సంకోచముగ చెప్పుదును.

చిన్న సెట్టుకు మరియొక మహోపకారము కలదు. నూరు వాట్ల సెట్టు ప్రసారవేళ ఇరువది ఆంపియర్లకు పైగా త్రాగును. పది వాట్లది రెండు మూడు ఆంపియర్లతో సరిపెట్టుకొనును గనుక ఒక కారు బ్యాటరీపై దినముల తరబడి పలుకగలదు. ఈ తీరమున అది వట్టి సౌకర్యము కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు స్తంభములు కూలి, టవర్లు మూగబోయి, కైలాసగిరిపైనున్న వాతావరణ రాడారే దెబ్బతినగా, ఈ ప్రాంతపు ప్రజలు తమవారి క్షేమము తెలియక అల్లాడిన దినములను మరచినవారు లేరు. టవరునకు కరెంటు కావలెను, తీగ కావలెను, వేరొక టవరు కావలెను. హామ్ సెట్టుకు ఈ చివర ఒక బ్యాటరీ, ఆ చివర ఒక బ్యాటరీ, నడుమ ఆకాశము చాలును. 2004 డిసెంబరున హైదరాబాదు సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ నాయకత్వమున పోర్ట్‌బ్లెయిర్ చేరిన బృందము, ఎన్నో ఏండ్లుగా హామ్ ప్రసారము లేని అండమాను దీవులనుండి ప్రపంచముతో సరదాగా పలుకుచుండగా, 26వ తేదీ ఉదయమున భూకంపమును సునామీయు వచ్చిపడెను. వినోదమునకు తెచ్చిన ఆ సెట్లే నాడు ఆపన్నుల వార్తలను మోసినవి. కావున నెలకొకమారైనను మెయిన్ స్విచ్చి ఆపి, సెట్టును బ్యాటరీపై నడపి, పాడేరు వైపు ఒకరిని, బెజవాడ వైపు ఒకరిని పిలిచి చూచుకొనవలెను. తుపానులు వచ్చు అక్టోబరు, నవంబరు నెలలు రాకముందే ఆ బ్యాటరీ ప్రాణము ఎంతయో తెలిసియుండవలెను.

అన్నియు అమరిన పిమ్మట వెంటనే పిలువరాదు, వినవలెను. ఉదయమున ఫార్టీ మీటర్ బ్యాండున ఎవరెవరు కలియుదురో, ఒకరి మాట ముగియువరకు మరియొకరు ఎట్లు నిరీక్షింతురో, పిలుపు పేరును ఎంత స్పష్టముగా పలుకుదురో కొన్ని వారములు విన్న చెవికి మర్యాద దానంతటదే పట్టుబడును. ఆ తరువాత ఫ్రీక్వెన్సీ ఖాళీగా నున్నదాయని అడిగి, జవాబు లేనిచో ‘సీక్యూ’, అనగా ఎవరైనను పలుకుడు, అని పిలువవచ్చును. ప్రతి సంభాషణమును లాగ్ పుస్తకమున వ్రాయవలెను: తేదీ, మన గడియారముకంటె ఐదున్నర గంటలు వెనుకనుండు ప్రపంచకాలము, ఫ్రీక్వెన్సీ, ఎదుటివారి పిలుపు పేరు, వారు మనకిచ్చిన వినికిడి అంకె, మనము వారికిచ్చినది. ఇవియన్నియు అందరును వ్రాయుదురు. నేను కోరునది మరియొక గడి, ఆనాడు తీగ ఏ ఎత్తున, ఏ దిక్కుగా నున్నదో. రెక్క కొనను తూర్పు చెట్టునుండి పడమటి చెట్టుకు మార్చిన వారమున పాడేరువారి వినికిడి పెరిగినదో తగ్గినదో జ్ఞాపకముపై ఆధారపడి చెప్పలేము. ఆ గడి నిండియున్నచో తదుపరి మార్పు ఏ వైపు చేయవలెనో పుస్తకము చూచి నిర్ణయించుకొనవచ్చును.