మీకు తెలుసా? సంస్థానంగా వెలిగిన గోపాల్‌పేట

నేడు వనపర్తి జిల్లాలో ఒక మండల కేంద్రంగా ఉన్న గోపాల్‌పేట, నిజాం పాలనాకాలంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింతలతో పాటు హైదరాబాదు రాజ్యంలోని సంస్థానాలలో ఒకటిగా ఉండేది. సంస్థానమంటే నిజాం ఆధిపత్యాన్ని అంగీకరించి, పేష్కష్ అనే వార్షిక కప్పం చెల్లిస్తూ, తమ పరిధిలో శిస్తు వసూలు, ఆంతరంగిక పాలన తామే చూసుకున్న హిందూ ప్రభువుల వంశపారంపర్య పాలిత ప్రాంతం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో విలీనం కాగా, 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల పాలన కూడా ముగిసింది. ఆ తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలో కొనసాగిన గోపాల్‌పేట, 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరింది. అప్పుడే పాత మండలం నుంచి రేవల్లి విడివడి వేరే మండలమైంది.

కృష్ణానదికి ఉత్తరాన, రాతిగుట్టలు అక్కడక్కడా లేచిన మెట్టనేలలో ఉన్న ఈ ప్రాంతంలో చల్కలు, అంటే గ్రానైటు శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్రని తేలిక నేలలు విస్తారంగా ఉన్నాయి. ఇవి తేమను ఎక్కువకాలం పట్టి ఉంచలేవు కనుక, వాననీటిని నిలిపే చెరువులు, కుంటలే తరతరాలుగా వ్యవసాయానికి ఆధారమయ్యాయి. నీరు తేలికగా ఇంకిపోయే ఆ గుణమే వేరుశనగకు అనుకూలించింది. ఇక నదీజలాల విషయానికి వస్తే, పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలో శ్రీశైలం జలాశయం నుంచి తోడిన కృష్ణా నీరు మొదట నార్లాపూర్ జలాశయానికి, అక్కడి నుంచి గోపాల్‌పేటకు సమీపంలోని ఏదుల జలాశయానికి చేరేలా రూపకల్పన జరిగింది.