సోనీ డబ్ల్యూ830: కొన్నవాళ్లలో సగం మంది సూపర్ అంటారు, సగం మంది వేస్ట్ అంటారు. ఎవర్ని నమ్మాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న కెమెరా గురించి మాట్లాడుకుందాం. పేరు సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ830. 2014లో వచ్చిన మోడల్. బరువు 120 గ్రాములకి కాస్త అటూ ఇటూ, చొక్కా జేబులో పట్టేస్తుంది. మన దేశంలో చాలా కాలం పది వేల లోపే దొరికింది. కాబట్టి మీ ఇంట్లోనో, మావయ్య గారింట్లోనో బీరువాలో ఇప్పటికీ ఒకటి ఉన్నా ఆశ్చర్యం లేదు. రీల్స్ పుణ్యమా అని ఈ పాత డిజిటల్ కెమెరాలకి మళ్లీ గిరాకీ వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది వెతుకుతున్నది సెకండ్ హ్యాండ్‌లోనే.

నాకు వచ్చే మెసేజ్‌లు చాలావరకు ఇలా ఉంటాయి: "అన్నా, ఇదే నా ఫస్ట్ కెమెరా. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులు. రివ్యూలు చూస్తే ఒకరు సూపర్ అంటారు, ఒకరు వేస్ట్ అంటారు. ఏం చెయ్యమంటావ్?"

నా సమాధానం: ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కాకపోతే ఏ పరిస్థితిలో వాడారో ఇద్దరూ చెప్పట్లేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసినప్పుడు ఎవరైనా "యాప్ పనిచెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే దాంతో చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏం నొక్కితే ఆగిపోయింది? అవి చెప్తేనే అది బగ్ రిపోర్ట్. కెమెరా రివ్యూని కూడా అలాగే చదవండి. ఎక్కడ తీశారు, ఎంత వెలుతురులో తీశారు, దేని కోసం తీశారు? ఈ మూడూ తెలిస్తే ఆ రివ్యూ మీకు పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

ఇప్పుడు కొన్నవాళ్లు ఎక్కువగా చెప్పే మాటలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది: "పగలు బాగుంది, రాత్రి దండగ." ఇది పూర్తిగా నిజం. దీని సెన్సర్ సైజు సుమారు 6.2 బై 4.6 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు మధ్య ధర ఫోన్లలో చాలావాటికి 1/1.56 అంగుళం సెన్సర్ వస్తోంది. దాని వైశాల్యం దాదాపు 50. అవును, మీరు సరిగ్గానే చదివారు. మీ ఫోన్ సెన్సర్ ఈ కెమెరా సెన్సర్ కంటే పెద్దది అయ్యుండొచ్చు. పైగా దీని లెన్స్ ఎంత తెరుచుకున్నా ఎఫ్ 3.3 దగ్గర ఆగుతుంది. ఫోన్ లెన్స్ ఎఫ్ 1.8 అనుకుంటే, సెన్సర్‌లో అంతే చోటు మీద మూడు రెట్లకి పైగా వెలుతురు పడుతుంది. దానికి తోడు ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి, కలిపి, ఒక శుభ్రమైన ఫొటో చేసి ఇస్తుంది. డబ్ల్యూ830 మామూలుగా తీసేది ఒకే ఫ్రేము. అందుకే ట్యూబ్‌లైట్ వెలుతురులో తీస్తే గింజలు గింజలుగా వస్తుంది.

రెండోది: "ఫ్లాష్ వేస్తే లుక్ అదిరిపోతుంది." ఇదీ నిజమే. ఫోన్లో ఉండేది చిన్న ఎల్ఈడీ లైటు. దీన్లో ఉండేది జినాన్ ఫ్లాష్. సెకనులో వెయ్యో వంతో, అంతకంటే తక్కువ సేపో గట్టిగా మెరిసి ఆగిపోతుంది. రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్న మీ ఫ్రెండ్స్ మొహాలు స్పష్టంగా పడతాయి, వెనకాల అంతా చీకటి అయిపోతుంది. హాస్టల్ రూమ్ పార్టీ, పెళ్లి సంగీత్, బర్త్‌డే కేక్... మీరు రీల్స్‌లో చూసి ముచ్చటపడే ఫొటో ఇదే. అంటే రాత్రి ఫ్లాష్ లేకుండా తీసినవాళ్లు వేస్ట్ అన్నారు, ఫ్లాష్‌తో తీసినవాళ్లు సూపర్ అన్నారు. కెమెరా ఒక్కటే, రాత్రీ ఒక్కటే.

మూడోది: "సీసీడీ కలర్స్ వేరే లెవెల్." దీన్లో ఉన్నది సీసీడీ సెన్సరే. కానీ రంగుల గొప్పతనం అంతా సీసీడీకే కట్టబెట్టకండి. సెన్సర్ మీద ఉండే రంగు ఫిల్టర్లు, కెమెరా లోపల జరిగే ప్రాసెసింగ్, ఈ రెండూ కలిసి రంగుని నిర్ణయిస్తాయి. ఫోన్ నీడల్ని తేలిక చేసి, ఆకాశాన్ని సర్ది, అన్నీ సమానం చేసేస్తుంది. ఈ కెమెరా అంత సర్దదు. నీడ నీడలాగే ఉంటుంది, ఎండ ఎక్కువైన చోట తెల్లగా కాలిపోతుంది. మనం "పాత ఫొటో లుక్" అనేది చాలావరకు అదే.

నాలుగోది జూమ్. 25 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా, 8 రెట్లు, నిజమైన లెన్స్ జూమ్. కాలేజ్ డే స్టేజ్ మీద ఉన్న మనిషి మొహం దగ్గరగా కావాలంటే జూమ్ లెన్స్ లేని ఫోన్ కంటే ఇది నయం, కాకపోతే వెలుతురు ఉండాలి. పూర్తిగా జూమ్ చేస్తే లెన్స్ ఎఫ్ 6.3కి పడిపోతుంది. వెలుతురు దాదాపు నాలుగో వంతుకి తగ్గినట్టే. చెయ్యి వణుకుని ఆపడానికి ఆప్టికల్ స్టెడీషాట్ ఉంది. కానీ అది మీ చేతి వణుకునే ఆపుతుంది, స్టేజ్ మీద డాన్స్ చేసేవాణ్ణి ఆపదు కదా.

ఐదోది వీడియో. 720పి మాత్రమే. మైక్ పెట్టుకునే సాకెట్ లేదు. వ్లాగింగ్ కోసమైతే ఇక్కడే ఆగిపోండి, మీ ఫోనే మంచిది. వైఫై కూడా లేదు. ఫొటోలు ఫోన్‌లోకి రావాలంటే టైప్-సీ కార్డ్ రీడర్ ఒకటి కొనాలి.

ఇక అసలు విషయం. "బిగినర్స్‌కి బెస్ట్" అని చాలామంది రాస్తారు. బిగినర్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఏమీ పట్టించుకోకుండా నొక్కితే ఫొటో రావాలి అనుకునేవాళ్లు ఒక రకం. వాళ్లకి ఇది హాయి. ఫొటోగ్రఫీ నేర్చుకుని రేపు నాలుగు డబ్బులు సంపాదించాలి అనుకునేవాళ్లు రెండో రకం. వాళ్లు మాత్రం దీన్ని కొనకండి. ఐఎస్ఓ, ఎక్స్‌పోజర్ కాస్త మార్చుకోవచ్చు గానీ షట్టర్ స్పీడు, అపర్చర్ మీ చేతిలో ఉండవు. అవి లేకుండా ఏం నేర్చుకుంటారు? మీ ఫోన్లో ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ, షట్టర్ స్పీడు రెండూ దాంట్లోనే ఉంటాయి. ఆరు నెలలు దాని మీద కూర్చోండి. ఆ డబ్బులు దాచి, తర్వాత ఒక వాడిన డీఎస్ఎల్ఆర్ చూసుకోండి.

సరే, ఇన్ని విన్నాక కూడా ఇదే కావాలనుకుంటే, డబ్బులిచ్చే ముందు ఇవి చెయ్యండి. బాడీ మీద మోడల్ నంబర్ చూడండి. డబ్ల్యూ800 అనే తమ్ముడు ఒకడున్నాడు, వాడికి జూమ్ 5 రెట్లే, ఆప్టికల్ స్టెడీషాట్ లేదు. పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చెయ్యండి, లెన్స్ కిర్రుమనకుండా బయటికి వచ్చి లోపలికి వెళ్లాలి. తెల్ల గోడని ఫొటో తీసి మచ్చలున్నాయేమో చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో వాడిన కెమెరా అయితే టార్చ్ వేసి లెన్స్‌లో సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో వెతకండి. ఫ్లాష్‌తో వరసగా ఓ ఇరవై ఫొటోలు తీయండి, బ్యాటరీ ఎంత ఓపికగా ఉందో తెలిసిపోతుంది. ఎన్‌పీ-బీఎన్ అనే ఆ బ్యాటరీ ఉబ్బి ఉంటే, కొత్తదాని ధర తగ్గించి అడగండి.

నా తీర్పు ఏంటంటే, చేతిలో ఒక మోస్తరు ఫోన్ ఉంటే ఇది మీ మొదటి కెమెరా కాదు, ఫ్లాష్ లుక్ కోసం కొనుక్కునే రెండో కెమెరా. సరదా కోసం మూడు నాలుగు వేలంటే ఆలోచించొచ్చు. ట్రెండ్ చూసి ఎవరైనా కొత్త కెమెరా రేటు చెప్తే దండం పెట్టి వచ్చేయండి.

మీ ఇంట్లో డబ్ల్యూ830 ఉంటే ఒక పని చెయ్యండి. కామెంట్‌లో బాగుంది, బాలేదు అని కాకుండా ఎక్కడ, ఎంత వెలుతురులో, దేని కోసం వాడారో ఒక్క లైన్ రాయండి. ట్యూషన్ డబ్బులు పట్టుకుని ఆలోచిస్తున్న ఇంకొకరికి అది పనికొస్తుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!